గాదెలో ఎన్ని చుక్కలు

జూన్ నెల. సాన్ హువాన్ పండగ ముందు రాత్రి.
తెల్లారడానికి ఇంకా గంటన్నర ఉందనగా
హిలారియా చోకెవాంకా కంబళి కప్పుకుని
కొండ భుజం మీదికెక్కింది. వెంట మనవరాలు యూదిత్.

కాలి కింద గడ్డి పెంకులా విరుగుతోంది.
ఇంటి ముందు పరిచిన చిన్న బంగాళాదుంపలు
చలికి బిగిసి గులకరాళ్ళయ్యాయి.
పొద్దెక్కాక కరుగుతాయి, పాదాలతో తొక్కి
నీరు పిండాలి, ఎండబెట్టాలి.
ఆ పని తర్వాత. ఇప్పుడు పని ఆకాశంతో.

ఈశాన్యాన ఆ గుంపు లేస్తుంది.
మనం కృత్తికలంటాం, ఆరని చెప్పుకుంటాం.
ఆమె భాషలో అది కోల్కా. అంటే గాదె.
గాదె నిండుగా మెరిస్తే వానలు వేళకొస్తాయి.
మసకేస్తే ఆలస్యం, అరకొర,
విత్తనం దుంపని నెల రోజులు ఆపుకోవాలి.
అమ్మ చెప్పింది. అమ్మకి వాళ్ళమ్మ.
ఎందుకని అడిగితే
"చూడు, మాట్లాడకు" అన్నారు.

చూసింది.
నాలుగు. కాదు, ఐదు. ఒకటి కదులుతోంది.
ఎడమ కంట్లో పొర వచ్చి రెండేళ్ళు,
పూనోలో డాక్టరు ఆపరేషన్ అన్నాడు.
డబ్బులు గొర్రెల మీద ఉన్నాయి, గొర్రెలు కొండ మీద.
మసక ఎక్కడుంది, గాదె మీదా, తన కంట్లోనా?

"ఎన్ని కనిపిస్తున్నాయే?"
పిల్ల ఆకాశం కంటే ముందు అవ్వ మొహం చూసింది.
"ఏడు."
"నా మొహం మీద లెక్కపెట్టకు."
కాసేపు పళ్ళు టకటకలాడిన చప్పుడు.
"ఐదు. ఐదోది పాలల్లో ముంచినట్టుంది."

ఆ వారంలోనే, ఉత్తరపు ఒడ్డున పైతా రేవులో
తమ్ముడు ఫెర్మిన్ వల లాగి
ఉత్త చేతులు దులుపుకున్నాడు.
నీళ్ళలో వేళ్ళు ముంచితే
బాలింతకి కాచినట్టు గోరువెచ్చన.
చల్లదనాన్ని వెతుక్కుంటూ ఆంచోవీలు ఎటో పోయాయి,
వాటి వెనకే పక్షులు,
పక్షుల వెనక అప్పులవాళ్ళు మాత్రం పోలేదు.

ఇంకా అవతల, అతను పేర్లెరగని దీవుల దాకా
వెచ్చటి నీటిని పడమటికి నెట్టిపెట్టే గాలి
ఈ ఏడు చెయ్యి సడలించింది.
గట్టు తెగిన మడిలా వెచ్చదనం వెనక్కి పారింది,
నెలల తరబడి, మహాసముద్రమంత వెడల్పున.
దాని ఆవిరి ఎక్కి ఎక్కి
మబ్బని కంటికి తెలియని మబ్బై
కొండల నెత్తిన,
ఐదు చుక్కలకీ ఒక ముసలి కంటికీ నడుమ
పల్చగా పరుచుకుంది.

ఇదంతా ఆమెకెవరూ చెప్పలేదు.
చెప్పినా, "అయితే నా కన్ను బాగానే ఉందన్నమాట" అనేది.

అక్టోబరులో పక్క చేలవాళ్ళు నాటారు.
ఆమె నాటలేదు. నవ్వారు.
నవంబరులో వాళ్ళ మొలకలు మాడాయి.
ఆమె నవ్వలేదు, విత్తనం దుంపలు అరువిచ్చింది.
ఆలస్యంగా నాటినా పండింది సగమే.
చుక్కలు ఎప్పుడు నాటాలో చెబుతాయి,
ఎంత తినాలో చెప్పవు.

ఫిబ్రవరిలో ఫోను.
"అక్కా, ఎప్పుడూ ఎండి ఉండే వాగు
వంటింట్లోకొచ్చింది. కప్పు మీదున్నాం.
పడవని గుమ్మానికి కట్టేశా."
ఆమె చేలో నిలబడి వింది,
నెర్రెలో కాలి బొటనవేలు దూర్చి.
"మా వాన దారి తప్పి నీ ఇంటికొచ్చిందిరా.
తిండి పెట్టి పంపెయ్యి."
అటువైపు నవ్వో, వానో.

మర్నాడు బస్సుకి ఒక మూట ఎక్కించారు.
జూన్‌లో తొక్కిన దుంపలు,
బెండులా తేలిక, ఏళ్ళకేళ్ళు చెడవు.
పట్నపు కోడలికి వండటం తెలియదని
యూదిత్ అట్టముక్క మీద రాసింది:
రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి.
ఒకసారి చదువుకుంది.
నీళ్ళకి ముందు, ఇరుకులో,
'మంచి' అని చేర్చింది.